ఇంటికి పోనియ్యని పానా

నిన్న పొద్దుగూకే యాల్లకు హన్మకొండ బస్టాండు పక్కన మా చిలుకమ్మ చాయ్ బండికాడ కూసున్న. ఎవ్వలి మొఖంల జీవం లేదు. యాకయ్య పొద్దటిసంది కిరాయి దొరకక ఆటోలనే ఒరిగి ఒరిగి అలసిపోయిండు. చిలుకమ్మ పొయ్యికాడ నిలబడీ నిలబడీ నడుము పట్టుకున్నది. ఆమె బిడ్డ స్రవంతి డిప్లొమా చదివి ఏండ్లసంది ఇంట్లనే ఉన్నది. ఇప్పుడు హైదరాబాదు అవతల విమానాల భాగాలు చేసే కంపెనీల నౌకరి వచ్చింది, సోమారం చేరాలె. తల్లికేమో పంపబుద్ధి అయితలేదు.

"సారంగపాణన్నా, నువ్వు గా కంపెనీలనే చేస్తవు గద. కాంట్రాక్టు నౌకరంట. ఉంటదా, ఊడుతదా? జర నిజం చెప్పు" అన్నది.

నన్ను అడిగినంక ఊకుంటనా?

"ఉంటదా అని అడుగుతానవా? నేను చేరిననాడు ఆడ ఒక్కటే రేకుల షెడ్డు. రేకును రేకుకు కలిపే రివెట్టు ఒకటి కొట్టిన, సక్కగ కూసున్నది. అంతే, నేను చేసింది గంతే. ఆ ముచ్చట పై దేశపోళ్లకు ఎరుకైంది, ఇగ ఆర్డర్లు షురూ. షెడ్డు పక్కన షెడ్డు, దాని పక్కన ఇంకో షెడ్డు. ఇప్పుడు ఈ కొసకు తుమ్మితే ఆ కొసకు ఇనబడేసరికి షిఫ్టు దిగిపోతది."

"జనం గట్లనే ఉన్నరా?" అన్నడు యాకయ్య.

"షిఫ్టు మారేటప్పుడు చూడాలె, మేడారం జాతరే! అయినా మనుషులు సాల్తలేరు. మొన్న గేటు ముంగట పెండ్లి బరాత్ పోతాంటే పెండ్లికొడుకును గుర్రం మీదికెల్లి దింపి మెడల ఐడీ కార్డు ఏసిండ్లు."

"పెండ్లిపిల్ల ఊకున్నదా?" అన్నది చిలుకమ్మ.

"ఎందుకు ఊకుంటది? ఆమెను క్వాలిటీ చెకింగ్‌ల పెట్టుకున్నరు."

స్రవంతి నవ్వింది. చిలుకమ్మ నవ్వలే.

"గంతమందిని తీసుకున్నరు, పర్మినెంటు ఎవ్వలను చేసిండ్లే?" అన్నడు యాకయ్య.

"నువ్వు నడుమ అడ్డం రాకు. అసలు ముచ్చట పానాది. మా పనిముట్ల పెట్టెల ఒక్కో పానాకు దాని ఆకారంతోనే గుంత కోసి ఉంటది. షిఫ్టు దిగేటప్పుడు అన్ని గుంతలు నిండాలె. ఒక్కటి ఖాళీగున్నా గేటు తెరువరు, ఎవ్వలు ఇంటికి పోవుడు లేదు. ఎందుకంటే ఆ పానా విమానం కడుపుల పడ్డదేమో, ఎవ్వలికెరుక? ఒకనాడు ఒక గుంత ఖాళీగ కనబడ్డది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"దేవులాడిండ్లు" అన్నది స్రవంతి.

"దేవులాడుడా! చేసిన రెక్కలన్నీ ఇప్పిండ్లు. లోపటున్నోళ్లకు గడ్డాలు పెరిగినయి. ఇంటికాడ పిల్లలు పెద్దగై, అదే కంపెనీల నౌకరికొచ్చి, నాయినను చూసి ‘నువ్వెవలు సారూ’ అన్నరు. అయినా దొరకలే. ఇగ మేం చేసిన భాగాలున్న విమానాలన్నిటినీ ఏడివాటిని ఆడ ఆపుమన్నరు. ఒకటి సముద్రం మీద పోతాంటే ఆడనే ఆపిండ్లు."

"గాల్ల ఎట్ల ఆపుతరే?"

"పక్కకు తీసి ఆపిండ్లు, యాకయ్యా. ఎనుక వచ్చేటియి హారన్లు కొట్టుకుంట నిలబడ్డయి. అప్పుడు పెద్దసారు నా చేతులు పట్టుకున్నడు. నేను రెక్కకు చెవి ఆనిచ్చి ఇట్ల గోరుతోని కొట్టిన. ఆడున్నదని చెప్పిన. ఉన్నది! సారు కండ్లల నీళ్లు తీసుకొని, ‘సారంగపాణీ, ఈ పానా నీ దగ్గరనే ఉండాలె’ అన్నడు. ఇగో!"

జేబులకెల్లి తీసి బల్ల మీద పెట్టిన. యాకయ్య తిప్పి తిప్పి చూసిండు.

"మా ఆటో పానా లెక్కనే ఉన్నదేందే?"

"ఆటో తోలేటోనివి, నీకేం కనబడతది?"

స్రవంతి గిలాస కింద పెట్టింది.

"మామా, పానా నీ జేబుల ఉంటే పెట్టెల గుంత మల్ల ఖాళీనే గద. అంటే గేటు ఇంకా తెరువలే. లోపటోళ్లు ఇంకా ఆడనే ఉన్నరు. మరి నువ్వెట్ల బయటికొచ్చినవు? సోమారం నేనెట్ల లోపటికి పోవాలె?"

యాకయ్య నవ్వుకు చాయ్ ఒలికింది. పొద్దటిసంది నవ్వని చిలుకమ్మ కొంగు అడ్డం పెట్టుకున్నది. నా నోరు దానంతట అదే అన్నది:

"పో బిడ్డా, పో. పని ఉన్నది, ఇంకా వస్తది. ఏటేటా కాంట్రాక్టు కార్డు మారుస్తరు, నాది గిప్పటికీ గట్లనే నడుస్తాంది. బూట్లు మాత్రం ఒక సైజు పెద్దయి కొనుక్కో. దినమంత నిలబడుడే, సాయంత్రానికి కాళ్లు వాస్తయి."

చిలుకమ్మ నా కాళ్ల దిక్కు చూసింది. బల్ల కింద చెప్పులు పట్టక ఇడిచి కూసున్న నేను. తర్వాత తన కాళ్లు చూసుకున్నది.

"గిదొక్కటి నిజం చెప్పినవన్నా" అని పొయ్యి బందు చేసింది. "లే స్రవంతీ, దుకాణం మూయకముందే బూట్లు తెచ్చుకుందాం."

యాకయ్యకు పొద్దటిసంది అదే మొదటి కిరాయి. ఉరికి ఆటో స్టార్టు హ్యాండిలు గుంజిండు. ఎంత గుంజినా ఆటో లేస్తలేదు.

"అన్నా, ఆ పానా ఇటియ్యి" అన్నడు.

ఇచ్చిన. ఏం చెప్పాలె, నట్టుకు సక్కగ సరిపోయింది.