రేడియోలో చెప్పిన ఇంజిన్

దక్షిణ కొరియాలో ఉల్సాన్ వెళ్లే హైవే మీద ఆమె కారు నడుపుతోంది. ఇంజిన్ల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసే భర్త పక్కనున్నాడు. వెనక సీట్లో కూతురు హేరిన్ నిద్రపోతోంది. అప్పుడే రేడియోలో వార్తలయ్యాయి.

"విన్నారా? ఇంజిన్లు కాలిపోతున్నాయని అమెరికాలో కార్లవాళ్లంతా కలిసి కేసు వేస్తే మీ కంపెనీ రాజీకొచ్చిందట. మన దేశంలో కొన్నవాళ్ల ఊసే లేదు."

"ఆ ఇంజిన్ల లోపం బయటపెట్టే కాగితాలు ఒక విలేకరికి ఇచ్చింది నేనే."

"అయ్యో! తెలిస్తే మిమ్మల్ని బతకనిస్తారా?"

"పేరు బయటపెట్టొద్దన్నాను. రేపు కెమెరా ముందుకు రమ్మంటున్నాడు."

"చచ్చినా వద్దు! అవునూ, ఆ ఇంజిన్లలో మనదీ ఉందా?"

అతను వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు.

"మిమ్మల్నే అడిగేది!"

"ఉంది. ఈ వారంలో మార్పిద్దామనుకున్నా."

"తెలిసీ పిల్లనెక్కించారా? ఆ టకటక చప్పుడేంటండీ?"

"పక్కకి తియ్యి. తొందరగా తియ్యి! దిగు!"

"పిల్ల బెల్టు ఊడట్లేదండీ!"

"జరుగు, నేను లాగుతా. ఆ, వచ్చేసింది. కంచె దాటు, వెనక్కి చూడకు!"

వాళ్లు కంచె దాటేసరికి బానెట్ కింద మంట లేచింది. ఆమె ఫోను తీసి అటు పట్టింది.

"ఆ ఫోనిలా ఇవ్వు."

"ఉండండి, వీడియో తీయనివ్వండి. రేపు ఆ విలేకరి దగ్గరికి నేను వెళ్తాను. కారు నా పేరు మీదే ఉంది, మీ పేరు బయటికి రాదు."