మూడో గడి

చెల్లెలు మిషను బల్ల మీద ఫోన్ పెట్టుకుని, తమ టైలరింగ్ షాపుకు యాప్ తయారుచేస్తోంది. సిద్ధంగా ఉన్న నమూనాలో పేర్లూ ఫోటోలూ నింపడమే పని.

“అన్నయ్యా, ‘మా టైలర్లు’ అని మూడు గళ్ళున్నాయి. మనిద్దరివీ పెట్టేశా.”

“మూడోది తీసెయ్.”

“తీయనివ్వదు. ఖాళీగా వదిలితే మొహం లేని బొమ్మొకటి వస్తుంది.”

“కత్తెర బొమ్మ పెట్టు.”

“దాని కింద పేరడుగుతోంది.”

“మీ చిన్నన్నయ్య అలిగి వేరే కొట్టు పెట్టుకుని ఏడాదైంది. వాడి ఊసెత్తకు. రెండు గళ్ళ నమూనా లేదా?”

“ఉంది. నిన్ననే చూశా.”

“మరి ఇదెందుకు తీసుకున్నావ్?”

ఆమె ఖాళీ గడిని వేలితో తట్టింది. అన్నయ్య మెడలోని టేపు తీసి, చుట్టి, మళ్ళీ విప్పాడు.

“ఫోన్ చేసి వాణ్ణే అడుగు. మీసాలున్న ఫోటో పంపమను. లేనిది పెడితే మళ్ళీ అలుగుతాడు.”