మూడు పూటలు పిండి చూసిన కాలేజీ

తిరపాలని ఒక బర్రెల బేరగాడు. సంతలో ఆయన తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చాడంటే బేరం తెగినట్టే అనుకో. మీలో చిన్నవాళ్లకి తెలీదేమో, బర్రెల సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. పక్కనున్నోడికి తెలీనే తెలీదు. ఈ తిరపాలుకి ఒక నియమం ఉండేదంట. తువ్వాలు పరిచే ముందే బర్రెకున్న లోపం నోరారా చెప్పేసేవాడు. ఇది తంతుంది, ఇది దూడ పక్కన లేకపోతే పాలు చేపదు, ఇష్టమైతేనే చెయ్యి పెట్టు అనేవాడు. దాంతో కమీషన్ సగానికి సగం పోయేది. వాళ్లావిడ పిచ్చమ్మ దీని మీద ముప్పై ఏళ్లు సాధించింది. "లోకమంతా కొమ్ములకి నూనె రాసి అమ్ముకుంటుంటే, ఈయన దాని జబ్బులన్నీ దండోరా వేసి అమ్ముతాడమ్మా" అని. అనేది గానీ, వేరేవాళ్లు ఆయన్ని ఒక్క మాటంటే మాత్రం ఊరుకునేది కాదులే.

వాళ్లకి ఒక్కతే కూతురు, చెంచులక్ష్మి. ఇంటర్ పాసైంది, డిగ్రీ చదువుతానంది. ఏమైందంటే, టౌన్లో బియ్యం కొట్టు పైన అయిదు గదుల్లో ఒక చిన్న ప్రైవేటు కాలేజీ ఉంది. దాని తరఫున ఇన్‌షర్టు వేసుకున్న ఒకాయన మోటారు సైకిలు మీద వీళ్లింటికొచ్చాడంట. వచ్చి ఒక రంగుల కాగితం పరిచాడు. ఆ కాగితంలో మూడంతస్తుల మేడ, ముందర పూలతోట. ఏడాదికి ముప్పై వేలు, మూడేళ్లకి తొంభై, బయటికొస్తే నూటికి నూరుమందికి ఉద్యోగం, నెలకి నలభై వేల జీతం బాబాయ్ అన్నాడంట. తిరపాలు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బాయ్, రాత్రి పాలు పిండలేదు కదూ?" అన్నాడు. వాడు బిక్కమొహం వేశాడు. నవ్వకండ్రా, వాడికేం తెలుసు? సంతకి తోలే ముందు రెండు పూటలు పిండకుండా ఆపేస్తారు, పొదుగు కుండలాగా కనపడాలని. తిరపాలు అట్లాంటి పొదుగుల్ని ఎన్నిట్ని చూశాడో.

అట్లాగని వద్దనడానికీ ఆయనకి మనసొప్పలేదు. ఎందుకంటే చెంచులక్ష్మి గుంజ దగ్గర నిలబడి, బర్రె నుదురు రుద్దుతా వింటా ఉంది. ఆ ఇంట్లో ఉన్నదల్లా ఆ ఒక్క పాడిబర్రే. అమ్మితే ఎనభై వేలు. అమ్మితే పిల్లకి చదువు, ఉంచితే ఇంటికి తిండి. పిచ్చమ్మ ఎత్తుకుంది. "వెయ్యి బర్రెల్ని చేతులు మార్చావు, మనకున్నది ఒక్కటి. దాన్ని గూడా మారుస్తావా?" తిరపాలు అన్నాడు గదా, "మూడు పూటలు పిండి చూడందే నేనెప్పుడన్నా బర్రెని కొన్నానా? కాలేజీ అయితే మాత్రం ఏం?"

తెల్లారి తువ్వాలు భుజాన వేసుకుని, సద్దన్నం గిన్నె పట్టుకుని, కాలేజీ మెట్లెక్కి, పోయి ఆఖరి బెంచీలో కూర్చున్నాడంట. ప్రిన్సిపాలు శేషాచలం మాస్టారు వచ్చి ఎవరయ్యా నువ్వంటే, "కొనేవాణ్ణండి. పాలు చూసుకోడానికొచ్చా" అన్నాడు. పిల్లకాయలు గొల్లుమన్నారు. మాస్టారు ఒక నిమిషం ఆలోచించి, సరే కూర్చోమన్నాడు. పాఠం ఏమర్థమవుద్ది ఆయనకి? కానీ దాణా పెట్టే చెయ్యిని చూసి బర్రె ఎట్లా చెవులు రిక్కిస్తదో ఆయనకి తెలుసుగా. అదే చూశాడు. మొదటి రోజు ఒక పిల్ల అర్థం కాలేదంటే కెమిస్ట్రీ మేడం విసుక్కోకుండా మూడుసార్లు చెప్పింది. రెండో రోజు ప్రయోగాల గదిలో ముప్పైమందికి ఎనిమిదే గాజు గొట్టాలు, కాచడానికి స్టవ్ మేడం ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకుంది. మూడో రోజు కరెంటు పోయింది. గదిలో ఉడికిపోతుంటే మేడం పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పింది గానీ పాఠం మాత్రం ఆపలేదు.

అప్పుడు పోయి మాస్టారి ఎదురుగా కూర్చున్నాడు. "పాలు చూశానండి. ఇప్పుడు మీ సరుకులో లోపం చెప్పండి" అన్నాడు. మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆ కాగితంలో ఉన్న మేడ మాది కాదయ్యా. అట్లా వెయ్యకపోతే పిల్లలు రారన్నారు, నేనూ ఊరుకున్నాను. తప్పు నాది. పోయినేడు ఇరవై రెండుమంది చదువు ముగించుకుని వెళ్లారు. తొమ్మిదిమందికి ఉద్యోగాలొచ్చాయి. పన్నెండు వేలు, పధ్నాలుగు వేలు. నలభై వేలు ఏ ఒక్కరికీ రాలేదు. అయిదుగురు పైచదువుకి పోయారు. ఎనిమిదిమంది ఇంటి దగ్గరే ఉన్నారు" అన్నాడు. చూడండి మరి. ముప్పై ఏళ్లుగా ఎదుటివాడికి లోపం చెప్పినవాడే గానీ, తిరపాలుకి ఇంకొకరు చెప్పడం అదే మొదలు. తువ్వాలు తీసి తన చేతి మీద కప్పుకుని ముందుకు చాపాడు. మాస్టారు పాపం, మర్యాదకేమో అనుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. తిరపాలు రెండు వేళ్లు గట్టిగా నొక్కి, మూడో వేలు సగానికి పట్టుకున్నాడు. "ఏందయ్యా ఈ గిల్లుడు?" "పాతికండి. ఏడాదికి పాతిక వేలు." లోపం చెప్పినాక ధర తగ్గించకపోతే న్యాయం కాదులే అని మాస్టారు ఒప్పుకున్నాడంట.

ఇంటికొచ్చి తిరపాలు మాస్టారన్నదంతా చెప్పి, లెక్కేశాడు. "మొత్తం డెబ్భై అయిదు. నెలకి పన్నెండొచ్చినా ఏడు నెలల్లో తిరిగొస్తయి" అన్నాడు. చెంచులక్ష్మి అప్పుడు నోరు తెరిచింది. "నాన్నా, మూడేళ్లు ఈ బర్రె ఇచ్చే పాలు నువ్వు లెక్కెయ్యలేదు. బస్సు ఖర్చు వెయ్యలేదు. ఆ ఎనిమిదిమందిలో నేను గూడా ఉంటే? అదీ వెయ్యలేదు." తిరపాలు తెల్లబోయాడు. "చదువుకోవాలని నీకేగా ఉంది, నీ బేరం నువ్వే చెడగొట్టుకుంటావేందే?" "ముందే చెప్పాలి గదా నాన్నా." అంతే, పిచ్చమ్మ దిగ్గున లేచింది. గుంజ దగ్గరికి పోయి, బర్రె పలుపు విప్పి, తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "ఒక్కణ్ణి భరించాను ముప్పై ఏళ్లు. ఇప్పుడు ఇద్దరు తయారయ్యారు. తోలుకుపో" అంది. కళ్లు తుడుచుకుంటానే అంది.

ఆ బర్రెని అమ్మేటప్పుడు గూడా ఎడమ పక్క ఒక చన్ను సన్నధార అని చెప్పి నాలుగు వేలు పోగొట్టుకున్నాడనుకో, అది వేరే సంగతి. మూడేళ్లు ఇంట్లో నల్లటీయే తాగారు. పిల్ల చదివింది. పాల కేంద్రంలో పాలు పరీక్ష చేసే ఉద్యోగం వచ్చింది, పధ్నాలుగు వేలు. దాచిన జీతంతో మళ్లీ ఒక బర్రెని కొన్నారు. మొదటి రోజు పాలు పిచ్చమ్మతో కలిసి కేంద్రానికి పట్టుకుపోయి, ఏడు శాతం వెన్న రాకపోతే అడగండని తిరపాలు వరసలో అందరికీ చెప్పాడంట. చెంచులక్ష్మి పరీక్ష చేసి, అందరి ముందే, "అయిదున్నర నాన్నా. నీళ్లు కలిశాయి" అంది. ఆయన మెల్లిగా పిచ్చమ్మ వైపు తిరిగాడు. "గిన్నె కడిగిన నీళ్లు ఊరికే పారబొయ్యడమెందుకని పోశానే, అవి గూడా నీళ్లేనా?" అందంట ఆమె.

అదీ సంగతి. డెబ్భై అయిదు వేలు పోసి చదివిస్తే, ఆ పిల్ల మొట్టమొదట పట్టుకున్నది కన్నతల్లినే. గిట్టిందంటారా? తిరపాలు మాత్రం ఆరోజు తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటా ఇంటికొచ్చాడంట. కానీ ఒకటి, ఆ కాలేజీ ఎట్లాంటిదని ఎవరడిగినా, ముందు ఇంటి దగ్గరున్న ఆ ఎనిమిదిమంది సంగతి చెప్పి, ఆ తర్వాతే తన కూతురి సంగతి చెప్పేవాడు. పిచ్చమ్మంటారా, ఆమె ఇప్పటికీ గిన్నెని ఎండలో బోర్లించి, పూర్తిగా ఆరినాకే పాలు పోస్తదంట.