హిందూపురంలోనే తిందాం

పెనుకొండ బస్టాండు దగ్గర. పొద్దున్నుంచీ బళ్లల్లో పిల్లల కండ్లు పరీక్ష చేసి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు.

“అంజుమక్కా, ఆగు. ఈడ రాగిముద్ద ఉండాది. చెనక్కాయల ఊరిబిండి వాసన చూడు, యాడిదాకా వస్తాందో.”

“వద్దు పవిత్రా. పద.”

“ఇందాకటి హోటల్లోనూ ఇదే అంటివి. ఆ మెస్సు కాడా ఇదే అంటివి. లోపలికి పోతావు, గల్లా కాడుండే ఆయప్పతో ఏందో గుసగుసలాడతావు, తిరుక్కోని వస్తావు. ఏమడుగుతాండావు వాళ్లని?”

“ఏం లేదులే. హిందూపురం బస్సు వస్తాది ఇప్పుడు. ఆడ తిందాం.”

“ఆడికి పోయేసరికి నా పేగులు ఎండిపోతాయక్కా. ధర్మవరంలో బస్సెక్కేముందు తిన్న ఇడ్లీలే. పోనీ మజ్జిగన్నా తాగుతా.”

“మజ్జిగొద్దు.”

“నీళ్లు?”

“గొంతు తడుపుకో, చాలు. నా మాటిను.”

“ఇదేం పనక్కా. నేను చేరి నెల కాలేదు. తినేకీ తాగేకీ గూడా నిన్నడగల్లనా? ఆఫీసులో అంటాండేది నిజమే అట్లయితే.”

“ఏమంటాండారు?”

“ఏం లేదులే.”

“చెప్పు మే.”

“బఫే అంజుమ్ అంటారు. ఏసీ లేకుంటే నీకి ముద్ద దిగదంట. పెనుకొండలో పని పెట్టినా, మడకశిరలో పెట్టినా, మధ్యాన్నానికి హిందూపురం లాడ్జీలో తేలతావంట.”

“ఎవురు, కుమారస్వామి సారా?”

“సారూ అంటాడు. అందరూ నగుతారు. నేనూ నగితి ఒకసారి.”

“నగుకోనీలే. బస్సొచ్చింది, ఎక్కు.”

హిందూపురం. లాడ్జీ కింద హోటలు. గల్లా కాడ నారాయణప్ప.

“నువ్వు ప్లేటు పట్టుకో పవిత్రా. నేనిప్పుడే వస్తా.”

“అమ్మా, అటు పోవద్దండి. ఆ తలుపుకు తాళమేసినాం.”

“ఏం నారాయణప్పా, పోయిన వారం తీసే ఉండె కదా.”

“పై హాల్లో పెండ్లిండ్లు కదమ్మా. కుర్చీలకు తావు లేక ఆడోళ్ల బాత్రూములో పేర్చినాం.”

“మగోళ్ల దాంట్లో పేర్చల్సింది.”

“అట్లెట్లయితాదమ్మా. వచ్చేదంతా మగోళ్లే కదా.”

“తాళం తీయప్పా. కుర్చీలు నేనే బయట పెడతా.”

“తాళం ఓనర్ కాడుండాది. ఆయన బెంగళూరు పోయినాడు. మీరు భోజనం చేయండమ్మా, ఈ పొద్దు గోబీ చేసినాం.”

“నీ గోబీ కోసరం వస్తాండాననుకుంటివా ఇన్ని దినాలూ?”

“అక్కా. ఇట్ల కూర్చో అక్కా. పెనుకొండలో వాళ్లని అడిగింది ఇదేనా?”

“ఇదే. ఒకాయన ఎనక గోడ చూపించె. ఇంకొకాయన బస్టాండుకు పొమ్మనె. బస్టాండుది నువ్వే చూస్తివి, కాలు పెట్టేకి లేదు.”

“బళ్లో ఉంటాది కదా.”

“ఒక బళ్లో నీళ్లు రావు. ఇంకొక బళ్లో టీచరమ్మ తాళాలు ఎత్తుకోని ఇంటికి పోయింది.”

“నేనూ పొద్దున్నుంచీ బిగబట్టుకోనే ఉండా. నాకొక్కదానికే ఈ బాధ అనుకుంటి. నాతో చెప్పింటే ఏమయ్యేదక్కా?”

“నువ్వూ పని ఇడిసిపెట్టి పోతావని చెప్పలేదు. నీకంటే ముందు ఇద్దరు పోయిరి. పోయినేడు జ్వరమని నేను సెలవు పెడితి. అది జ్వరం కాదు. ఇట్ల బిగబట్టుకోని తిరిగి తిరిగి, ఇన్ఫెక్షను కిడ్నీ దాకా పోయింది. అనంతపురం ఆసుపత్రిలో పడుంటి.”

“నీళ్లు బాగా తాగమని చెప్పలేదా డాక్టరు?”

“చెప్పింది.”

“మళ్ల నన్ను తాగొద్దంటివే.”

“ఇంకేం చెప్పల్ల? తాగి యాడికి పోతావు?”

“సారుకన్నా చెప్పల్సింది.”

“ఏమని చెప్పేది? మీటింగులో అంతమంది మగోళ్లు కూర్చోనుంటారు. వాళ్ల ముందర నిలబడి ఈ మాట చెప్పల్లనా? దానికంటే బఫే అంజుమ్ అనిపించుకునేదే మేలు.”

“అక్కా, నీ ఫోను. సారే.”

“హలో సార్.”

“ఏమ్మా అంజుమ్, యాడుండావు? మళ్లీ హిందూపురమేనా? ఈ పొద్దేముంది, బిర్యానీనా? మేమంతా ఈడ ఆఫీసులో డబ్బాలిప్పుకోని పెరుగన్నం తింటాండాం. నీ పనే బాగుండాది.”

“ఆకలైంది సార్. అందుకే…”

“ఆకలి అందరికీ అయితాదమ్మా. పెనుకొండలో అన్నం దొరకదా? ఇదో, ఇస్సాకు అడుగుతాండాడు, స్వీటేమిచ్చినారని.”

“సార్, అట్ల కాదు సార్…”

“అక్కా, ఫోనిట్లియ్యి.”

“వద్దు పవిత్రా. ఊరికే ఉండు.”

“ఇయ్యక్కా. సార్, నేను పవిత్రని. అందరూ అన్నం తింటాండారా? నెమ్మదిగా తినండి, నేను లైన్లోనే ఉంటా. చేతులు కడుక్కున్నాక ఫోను స్పీకర్లో పెట్టండి సార్, అందరూ వినల్ల.”