శ్లాబుకు తెచ్చిన నీళ్ళు

గోడ తట్టు తిరుక్కోవద్దు నాయనా. ఇట్ల చూడు. వచ్చినప్పటినుంచి చూస్తాండా, సంగటి ముట్టవు, మొహం చూపించవు. నేనేమన్నాను? ఆ ఇల్లు కొనేదానికి లేదు అన్నా, అంతే కదా! అంతమాత్రానికే అలుగుతారా ఎవరన్నా?

సరే, సంగటి తట్ట పక్కన పెడతా. ముందు విను.

కాగితాల కాడ నేనేం తక్కువ చేయలేదు. ఊర్లో అంగళ్ళోళ్ళ లెక్కలన్నీ చూసే పిల్లని, నా ఇంటి లెక్క నేను చూసుకోనా? ముప్పై ఏండ్ల ఈసీ తీసినా, ఒక్క తాకట్టు లేదు. లింకు డాక్యుమెంట్లు వరసగా ఉండాయి. ఇంటిపన్ను, కుళాయి పన్ను, అన్నీ కట్టినవే. టేపు పట్టి నేనే కొలిచినా, స్థలం కాగితంలో ఉన్నంతా ఉండాది.

ఆ ఇల్లే కొంటానని చెప్పిన పొద్దు నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు చూడు, ఆ బాగున్న చేత్తో! విడిపించుకుందామన్నా వదల్లేదు. పక్షవాతం వచ్చి మాట పోయినాక, నా యేసన్న మేస్త్రికి ఇన్నాళ్ళకు సంతోషం వచ్చిందనుకున్నా.

అది సంతోషం కాదు కదా నాయనా?

చిన్నప్పుడు సైకిలు ముందర కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకొని ఆ వీధికి మళ్ళించేవాడివి. మనకు ఆ దారిలో పనే లేదు. ఇంటి ముందర బ్రేకు పట్టి, "పాపా, ఆ శ్లాబు ఎవరు వేసినారు?" అంటావు. "మా నాయన!" అని నేను అరవాల. అరిచిందాకా సైకిలు కదిలేది కాదు.

అందుకే ఊర్లో ఎన్ని పాత ఇండ్లు అమ్మకానికి ఉన్నా దాన్నే పట్టుకున్నా. నీ శ్లాబు కింద నీకు మంచం వేయాలని.

ఈ పొద్దు ఇంజనీరు విజయభాస్కరన్నను తోడుకొని పోయినానా... బయటినుంచి చూస్తే ఏమప్పా ఆ మెరుపు! ఇల్లు అమ్మే లక్ష్మీపతి కొత్తగా రంగు కొట్టించినాడు. అన్న లోపలికి పోయి సుత్తితో పైకప్పు తట్టుకుంటా వచ్చినాడు. ఒక తావున గట్టిగా పలికింది, ఇంకొక తావున డొల్లగా. వంటింట్లో చిన్న పెచ్చు రాల్చినాడు. లోపలి కమ్మీని గోరుతో గీకితే పొడి నాయనా! నా అరచేతిలో పడింది, ఎర్రగా.

"దీని కింద మంచం వేస్తావామ్మా?" అన్నాడు. "ఏ ఉప్పునీళ్ళతో కలిపినారో, ఇనుమును తినేసింది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కట్టించినాయన పిసినారి, మా నాయనకు మంచినీళ్ళు ఇచ్చిండడు అనుకున్నా. ఇల్లు కొనేవాళ్ళు ఇరుగుపొరుగును కూడా అడగాల కదా, ఎదురింటి మారెక్క గడప కాడికి పోయి అడిగినా.

ఆయమ్మ నవ్వింది. "యేసన్న కూతురివి, నీకు తెల్దా పాపా? ఆ ఏడు చినుకు లేదు. బోర్లల్లో ఉప్పునీళ్ళు, నోట్లో పోసుకోలేము. ఇంటాయన శ్లాబు కోసరం గార్లదిన్నె తట్టునుంచి మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించినాడు. మేమంతా బిందెలు పట్టుకొని నిలబడితే, మీ నాయన మా మొగాలు చూసి, పైపు తెచ్చి మా బిందెల్లో పెట్టేసినాడు. శ్లాబుకు బోరు నీళ్ళే కలిపినాడు. మీ యమ్మ నిండు నెలలతో ఆ వరసలోనే ఉండె!"

నిజమేనా? కండ్లు మూసుకోవద్దు. నిజమేనా నాయనా?

...

మరి ఆ సైకిలు? నన్ను అరిపించింది? గర్వమనుకుంటినే! అది ఇంకా నిలబడే ఉండాదా అని చూసుకునేదానికా పోతాంటివి, ప్రతి ఆదివారం, నన్ను ముందర పెట్టుకొని?

ఏమనాల నిన్ను? తిడదామంటే ఆ నీళ్ళు తాగి పుట్టినదాన్ని నేను. మెచ్చుకుందామంటే ఆ కప్పు కింద ఇన్నేండ్లు ఎవరి పిల్లలో పడుకున్నారు. నాకు లెక్కలు బాగా వస్తాయంటావు కదా, ఈ లెక్క యాడ తెగుతుంది చెప్పు!

బయటికి వస్తే లక్ష్మీపతి నిలబడినాడు. చెప్పేసినా. "శ్లాబు దించండి సార్, అమ్మొద్దు, బాడుగకు కూడా ఇయ్యొద్దు" అన్నా. మొహం మాడిపోయింది పాపం. ఆయనకూ వాళ్ళ నాయన కట్టించిన ఇల్లే కదా! ఇల్లు లేస్తాన్నప్పుడు పలక పట్టుకొని బడికి పోయే పిల్లోడంట, ఏం తెలుసు?

"ఎవరమ్మా ఈ శ్లాబు వేసింది?" అన్నాడు.

నాయనా, ఆ మాట గొంతు దాకా వచ్చింది. చిన్నప్పటి మాదిరే, అదే వీధిలో, అదే ఇంటి ముందర. మారెక్క గడపలో నిలబడి నన్నే చూస్తాంది.

"తెలీదు సార్" అన్నా.

మారెక్క లోపలికి పోయి తలుపేసుకుంది.

ఏడవద్దు నాయనా. నువ్వు ఏడిస్తే తుడిచేదానికి నేనుండా. నేను అన్న మాటను ఎవరు తుడుస్తారు?

సంగటి వద్దులే. నోరు తెరువు, నీళ్ళన్నా తాగు. మంచినీళ్ళే.