ఆర్యభట్టకు బాపు ముఖం

హలో… ఆ, నేనే, పోశాన్ని. చెప్పు రఘుపతి బావ.

…

ఎరుకైంది. మా బడి కొత్త గోడ మీద ఆర్యభట్ట బొమ్మ నీతోని ఏపిస్తున్నరట. పెద్దసారు నిన్ననే చెప్పిండు.

కోపమా? నాకేం కోపం…

సరే, ఉన్నది. ఉండద్దా? పాత గోడ మీద ఆ బొమ్మ ఏసిందెవరు? పద్దెనిమిదేండ్ల కింద, ఎండల నిచ్చెనెక్కి, నేను! ఆర్యభట్ట ముఖం ఎవ్వలు చూసిన్రు? ఒక్కో పుస్తకంల ఒక్కో తీరు. గందుకే ఆ ముఖం కోసం కన్నతండ్రిని, మా బాపును, ముందట కూసోపెట్టుకున్న. బొగ్గుబాయిల డ్యూటీ దిగి, తానం జేసి, సీదా బడికొచ్చి కుర్చీల కూసుండి, చుక్కలు లెక్కవెడుతున్నట్టు మొగులు దిక్కు చూసేటోడు…

ఆ, నువ్వు నా బొమ్మ చూసే ఏసినవ్. కాదంటలేను. బెల్లంపల్లిల ఒకటి, మంచిర్యాలల ఒకటి, మందమర్రిల రెండు. పేపర్ల నీ ఫోటో. శాలువ గూడ కప్పిరి. నా పేరు ఎక్కడన్న వచ్చిందా?

…నువ్వు చెప్పినవ్, వాళ్లు రాయలే. మంచిగున్నది.

ఉండు, నన్ను చెప్పనియ్యి. మొన్న ఆదివారం బెల్లంపల్లి వచ్చిన… లేదు, అక్కకు చెప్పలే. బస్సు దిగి నీ బొమ్మ కాడికే పోయిన. తప్పులు పట్టాల్నని పోయిన బావ, అబద్ధమెందుకు.

పట్టిన. చెయ్యి పొట్టిగున్నది. చుక్కలు మరీ లావుగున్నయి…

నవ్వకు.

కని ముఖం… ముఖం కాడ ఆగిపోయిన. బాపు నవ్వుతున్నడు. పదిహేను దినాలు నా ముందట కూసున్నడు, ఒక్కపారి నవ్వలే. నీకెక్కడిది ఆ నవ్వు?

…బాపు మీ ఇంటికి వచ్చినప్పుడు చూసినవా?

గదే. గదే నా కడుపుమంట. శాలువ కాదు. బాపుకు నాతోని మాట్లాడుదామంటే మాటే దొరకకపోయేది. నీ ముందట పండ్లు కనవడేటట్టు నవ్విండు. ఆయన పోయి ఆరేండ్లాయె. కొడుకును నేను. బాపు నవ్వితె ఎట్లుంటడో నీ గోడ మీద చూడాల్సి వచ్చె.

…

ఏమన్నవ్?

నా ముచ్చట జెప్పే నవ్విండా?… నేను నిచ్చెన మీదికెల్లి కింద పడ్డ ముచ్చటనా?… ఔ, పడ్డ. పచ్చరంగు డబ్బ నెత్తి మీద ఒలికింది. బాపు అక్కడ్నే ఉండె. ముఖం గట్టిగ పెట్టుకొని అట్లనే కూసున్నడు, నాకు మస్తు రోషమొచ్చింది…

కదలద్దని నేనే అన్ననా?

…అన్న. ముఖం కదిలితె బొమ్మ ఖరాబైతదన్న.

గందుకని నవ్వు ఆపుకున్నడా?… పదిహేను దినాలు?

…



ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?… ఔ. నేను అడగలే.

గోడదేమున్నది బావ, నువ్వే ఎయ్యి. పెద్దసారుకు నేను చెప్త. ఇంకేం జెప్పిండు బాపు, నా గురించి?… ఉన్నయా? మస్తున్నయా?

ఆగు, ఫోన్ల వద్దు. నేనే వస్తున్న. ఇప్పుడే బస్సెక్కుత. అన్ని చెప్పాలె, ఒక్కటి గూడ నీ కాడ ఉంచుకోవద్దు…

పెడుతున్న.