ఒక కడుపున పుట్టిన మోకాళ్లు

నా మోకాలి వంక అలా చూడకక్కా! ఎన్నిసార్లు చూస్తావు? అది అంతే. డాక్టరు వంచినా వంగలేదు, నువ్వు చూపులతో గుచ్చితే వంగుతుందా?

అసలు ఇదంతా ఎవరి పుణ్యం? "ఒక కడుపున పుట్టాం, ఒకే ఎముకలు. ముందు నువ్వు ఆపరేషన్ చేయించుకోవే, నీది చూసి నేనూ మోకాలు మార్పించుకుంటా" అన్నావు. అనలేదూ? కూరలో ఉప్పు చూడమన్నట్టు నన్ను ముందుకి తోశావు! నేనూ వెర్రిమొహాన్ని, సరేనన్నాను.

ఇప్పుడేమో నన్ను చూసి భయం పట్టుకుంది నీకు. ఆస్పత్రికి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తానంటున్నావు. తప్పేం లేదులే. కుర్చీలోంచి లేవడానికి నేను పడే పాట్లు చూస్తే ఎవరికి మాత్రం ధైర్యం వస్తుంది? పాత నెప్పి తగ్గింది, నిజమే. కాలు మాత్రం కర్రలా బిగుసుకుపోయింది. ఇంక మెట్లెక్కేది లేదు, బస్సెక్కేది లేదు. ఈ కుట్టు కొట్లో నీ మెషిన్ పక్కన కూర్చుని బొత్తాలు కుట్టుకోవడమే నా బతుకు.

ఏంటీ? నీ గురించి డాక్టరేమన్నాడా?

ఆ, ఏమంటాడు... ఆ కత్తెర ఇలా ఇవ్వు.

అబ్బా, సరే, చెప్తాను, ముందు ఆ ఫోన్ కింద పెట్టు. మొన్న నీ ఎక్స్‌రేలు పట్టుకెళ్లానుగా. అవి చూసి ఆయన నవ్వాడు. ఒక కడుపున పుడితే మాత్రం ఒకేలా కోలుకుంటారా అన్నాడు. నా కాలు ఆపరేషన్‌కి ముందే బిగుసుకుపోయిందట, తొడలో సత్తువ లేదట. నీది ఇంకా బాగానే వంగుతోందిగా, పైగా ఇన్నేళ్లు మెషిన్ తొక్కిన కాలు. "గ్యారంటీ ఇవ్వలేను గానీ, ఆవిడ హాయిగా నడుస్తుందనే నా నమ్మకం. భయపడొద్దని చెప్పండి" అన్నాడు.

అలా నోరు తెరుచుకుని చూడకు. అవును, చెప్పలేదు! నువ్వు వద్దు వద్దంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. లోపల్లోపల సంతోషించాను కూడా.

కాలు బాగైతే నువ్విలా కొట్లో కూర్చుంటావా? బజారుకెళ్తావు, కూతురింటికెళ్తావు, ఎదురింటావిడతో సాయంత్రాలు షికారుకెళ్తావు. వెళ్లకపోతే నీకు కాలు నిలుస్తుందా? నేనేమో ఆ గుమ్మం వంక చూస్తూ కూర్చోవాలి. ఇద్దరం కుంటుతుంటే ఒకర్నొకరం తిట్టుకుంటూ ఎలాగో గడిపేశాం. ఒక్కదాన్నే కుంటాలంటే నావల్ల కాదక్కా.

ఏడుపేం లేదు, కంట్లో ఏదో పడింది.

వెళ్లి చేయించుకో. నీకు బాగవుతుంది. బాగయ్యాక మాత్రం, నీకు దణ్ణం పెడతాను, కొన్నాళ్లు నా ముందు నడవకు.